జంట ఇంజిన్ల పాత జెట్ బోటు: జబ్బు ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి

"ఎడమ ఇంజిన్ బాగానే ఉంది, కుడిదే ఎత్తుకోవడం లేదు." జంట ఇంజిన్ల పాత జెట్ బోటు కొన్నవాళ్ళ నోట ఎక్కువగా వినే మాట ఇదే. ఈ మాటలోనే సగం జవాబు ఉంది. ఒకే ఇంజిన్ బోటులో ఏది మామూలు శబ్దమో, ఎంత వేడి ఉండాలో, ప్లగ్గు ఏ రంగులో ఉండాలో మాన్యువల్ చూసి అంచనా వేసుకోవాలి. జంట ఇంజిన్ల బోటులో బాగున్న ఇంజిన్ చెడిన ఇంజిన్ పక్కనే ఉంటుంది. రెండూ తాగేది ఒకే పెట్రోలు, తిరిగేది ఒకే నీళ్ళలో. తేడా ఎక్కడుందో వెతుక్కుంటే చాలు.

అందుకని ఈ మార్గదర్శి అంతటా పద్ధతి ఒక్కటే. రెండు పక్కలా ఒకే కొలత తీయండి. అనుమానం వచ్చిన భాగాన్ని అటుదిటు, ఇటుదటు మార్చండి. జబ్బు భాగంతో పాటు పక్క ఇంజిన్‌కి వెళ్ళిందా, ఉన్నచోటే ఉండిపోయిందా చూడండి. వెళ్ళిందంటే దొంగ దొరికినట్టే. కదల్లేదంటే ఆ భాగం మంచిదే, డబ్బు మిగిలింది. గుడ్డిగా విడిభాగాలు కొని మారుస్తూ పోతే ఖర్చు పెరుగుతుంది, పైగా కొత్త భాగం కింద అసలు జబ్బు దాక్కుంటుంది.

మూత తెరిచే ముందు

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. ఇంజిన్ గదిలో అడుగుకు చేరి అక్కడే పేరుకుంటుంది. ఆ ఆవిరిని బయటికి లాగే ఫ్యాను, అంటే బ్లోయర్‌ని కనీసం 4 నిమిషాలు నడిపి, మూత ఎత్తి, వంగి వాసన చూడండి. బ్లోయర్ కంటే మీ ముక్కునే ఎక్కువ నమ్మండి. వాసన వస్తుంటే స్టార్ట్ చేసే ఆలోచన మానేసి ముందు కారే చోటు వెతకండి. నీటిని వెనక్కి చిమ్మి బోటుని తోసే జెట్ పంపులో గానీ, నీళ్ళు దానిలోకి వెళ్ళే ఇంటేక్ గ్రిల్ దగ్గర గానీ చెయ్యి పెట్టాల్సి వస్తే రెండు ఇంజిన్లూ ఆపాలి, సేఫ్టీ తాడు (లాగితే ఇంజిన్ ఆగిపోయే తాడు) తీసేయాలి, బ్యాటరీ కనెక్షన్ విప్పాలి. చాలా జెట్ బోట్లలో ఇంజిన్ తిరిగినంతసేపూ ఇంపెల్లర్, అంటే పంపులోని రెక్కల చక్రం, తిరుగుతూనే ఉంటుంది. మనం న్యూట్రల్ అనుకునేది వెనకున్న బకెట్ (ధారను మళ్ళించే మూత) సగం దిగి నీటి ధారను అటూ ఇటూ పంచడమే.

ఒడ్డున గొట్టం పెట్టి నడిపేటప్పుడు వరుస తప్పకూడదు. ముందు ఇంజిన్ స్టార్ట్ చేయాలి, తర్వాతే నీళ్ళు తిప్పాలి. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేసి, ఇంజిన్‌ని ఒకటి రెండు సార్లు కొద్దిగా రేజ్ చేసి, ఆ తర్వాత ఆపాలి. ఆగి ఉన్న ఇంజిన్‌లోకి నీళ్ళు పోస్తే వాటిని బయటికి నెట్టే పొగ ఉండదు. ఎగ్జాస్ట్ నిండి, వాల్వుల గుండా గానీ పోర్టుల గుండా గానీ సిలిండర్‌లోకి దిగుతాయి. జంట ఇంజిన్లలో ఇంకో పొరపాటుకీ చోటుంది. గొట్టం ఎడమ ఇంజిన్‌కి పెట్టి కుడిది స్టార్ట్ చేస్తారు. నడుస్తున్నది ఎండిపోతుంది, ఆగినది మునిగిపోతుంది. గొట్టాన్ని చేత్తో పట్టుకుని అది ఏ ఇంజిన్‌కి చేరుతోందో చివరిదాకా చూసుకున్నాకే తాళం తిప్పండి. ఇంజిన్ బ్లాకు కూలింగ్ మూసిన వలయంగా ఉండే రోటాక్స్ 4-టెక్‌ని (సీడూ బోట్లలో వచ్చే నాలుగు స్ట్రోకుల ఇంజిన్) కూడా నీళ్ళు లేకుండా ఎక్కువసేపు నడపకూడదు. ఎగ్జాస్ట్‌కీ, డ్రైవ్ షాఫ్ట్ కార్బన్ సీలుకీ చల్లదనం అందేది బయటి నీళ్ళ నుంచే.

ముందు రెండు ఇంజిన్ల గంటల మీటర్లూ చూడండి

పాత బోటు విషయంలో నేను మొదట అడిగేది రెండు ఇంజిన్లూ ఎన్ని గంటలు తిరిగాయని. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి 310, ఇంకొకటి 190 చూపిస్తే మధ్యలో కథ ఏదో జరిగింది. ఒక ఇంజిన్ మార్చి ఉండాలి, లేదా ఒక సీజన్ అంతా అది చెడిపోయి ఉండాలి, లేదా మీటరే మార్చి ఉండాలి. ఇంజెక్షన్ ఇంజిన్లయితే డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో నిలవున్న గంటలూ, పాత ఫాల్ట్ కోడ్లూ చదివించండి. ఆ సాఫ్ట్‌వేర్ పేరు సీడూ బోట్లకి బడ్స్, యమహా బోట్లకి వైడీఎస్. సీడూ స్పోర్ట్ బోట్ల తయారీ 2012లోనే ఆగిపోయింది కాబట్టి ఆ జంట ఇంజిన్ల బోటు ఏది చేతికొచ్చినా వయసు మీద పడ్డదే. తక్కువ గంటలున్న బోటు చూసి మురిసిపోకండి. తిరిగిన ఇంజిన్ కంటే కదలకుండా కూర్చున్న ఇంజిన్‌లోనే ఇంధనం దారి ఎక్కువగా పాడవుతుంది.

మొదటి ప్రశ్న: రెండూ చెడ్డాయా, ఒకటేనా?

రెండు ఇంజిన్లూ ఒకేసారి మొరాయిస్తే ఉమ్మడి వస్తువుల్ని చూడండి: ట్యాంకులోని పెట్రోలు, ట్యాంకు గాలి గొట్టం, బ్యాటరీ స్విచ్చి, ప్రధాన ఎర్తు, సేఫ్టీ తాడు స్విచ్చి, రెండు స్ట్రోకుల బోటులో ఉమ్మడి ఆయిల్ ట్యాంకు. ఒకటే మొరాయిస్తే ఆ ఇంజిన్‌కి విడిగా ఉన్నవి చూడండి: కాయిళ్ళు, ఇంజెక్టర్లు లేదా కార్బురేటర్లు, రిలే, పంపు, థ్రాటిల్ కేబుల్. ట్యాంకు మూత వదులు చేయగానే రెండూ తేలికపడితే గాలి గొట్టం మూసుకుపోయిందన్నమాట. అంతకంటే చౌక పరీక్ష ఇంకోటి లేదు.

రెండో ప్రశ్న: ఆర్‌పీఎం ఏం చెబుతోంది?

బోటు నీళ్ళలో పూర్తి థ్రాటిల్‌లో ఉండగా రెండు ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మీటర్లూ చదివి రాసుకోండి. చాలా జెట్ బోట్లలో ఇంపెల్లర్‌ని ఇంజిన్ షాఫ్టే నేరుగా తిప్పుతుంది, మధ్యలో గేర్లు ఉండవు. అందుకే ఈ ఒక్క అంకె పంపునీ ఇంజిన్‌నీ విడదీసి చూపిస్తుంది.

ఆర్‌పీఎం ఎక్కువగా ఉండి తోపు లేకపోతే ఇంజిన్ బాగుంది, పంపు పట్టు తప్పింది. ఆర్‌పీఎం పైకి రాకపోతే ఇంజిన్‌లోనే లోపం. అది మెట్టు మెట్టుగా కాకుండా ఏదో ఒక అంకె దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతే, మీటర్ మీద దీపం వెలిగితే, కంప్యూటర్ రక్షణకోసం ఇంజిన్‌ని కుంటి నడకలో పెట్టిందని అర్థం. అప్పుడు కార్బురేటర్లో ప్లగ్గులో విప్పకండి. కోడ్ చదివించండి. వేడి, ఆయిల్ ప్రెషర్, సెన్సర్, ఎక్కువగా ఈ మూడింట్లో ఒకటి బయటపడుతుంది.

గొట్టం నీళ్ళతో ఒడ్డున రేజ్ చేసి "బాగుంది" అని తేల్చకండి. బరువు లేకుండా ఏ ఇంజినైనా పరుగెడుతుంది.

స్టార్టర్ తిరగకపోతే

బ్యాటరీ కాసేపు విశ్రాంతిగా ఉన్నాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.0 అంటే దాదాపు ఖాళీ. ఆ అంకెతో ఆగిపోకుండా స్టార్టర్ నొక్కినప్పుడు ఎంతకి పడుతోందో చూడండి. 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ అయినా పోయింది, లేదా తీగల్లో చిలుమైనా పట్టింది. ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య రావాలి.

టిక్కుమని శబ్దం వచ్చి ఆగిపోతే రిలేని పక్క ఇంజిన్ రిలేతో మార్చి చూడండి. ఇది అయిదు నిమిషాల పని. బోటు అడుగున తడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎర్తు తీగ ఇంజిన్‌కి తగిలే చోట పచ్చటి చిలుము పెరుగుతుంది. పైకి బిగువుగా కనిపించినా విప్పి, గీకి, మళ్ళీ బిగించండి.

స్టార్టర్ సగం తిరిగి గట్టిగా ఆగిపోతే మళ్ళీ నొక్కకండి. సిలిండర్‌లో నీళ్ళుండొచ్చు. నీళ్ళు గాలిలాగా నొక్కుకోవు, బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులన్నీ తీసి, ప్లగ్గు తీగలు ఎర్తు చేసి, రంధ్రాల మీద గుడ్డ కప్పి తిప్పండి. నీళ్ళు చిమ్మితే పూర్తిగా పోయేదాకా తిప్పి, సిలిండర్లలో ఫాగింగ్ ఆయిల్ (తుప్పు పట్టకుండా చల్లే ఆయిల్) కొట్టి, అదే రోజు ఇంజిన్‌ని నడిపించండి. రేపటికి వదిలేస్తే బేరింగులకు తుప్పు పడుతుంది.

కంప్రెషన్: డబ్బు ఖర్చుపెట్టే ముందు చేసే పరీక్ష

కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో చెప్పే కొలత. ఇంజిన్ ప్రాణం ఎంతుందో తెలియకుండా కార్బురేటర్ మీద వారం రోజులు గడపడం నాకు సుతరామూ నచ్చదు. ప్లగ్గులన్నీ తీయండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకోండి. మూసి ఉంటే గాలి అందక అంకె తప్పుగా వస్తుంది. బ్యాటరీ నిండుగా ఉండాలి. గేజు ముల్లు ఇక పెరగనంతవరకు తిప్పి అంకె రాసుకోండి. రెండు ఇంజిన్లకూ అదే గేజు, అదే బ్యాటరీ వాడండి. గేజులు ఒకదానికొకటి తేడా చూపిస్తాయి కాబట్టి ఒంటరి అంకెకి పెద్దగా అర్థం లేదు. పక్క సిలిండర్‌తో, పక్క ఇంజిన్‌తో పోలికే ముఖ్యం. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే లోపల అరుగుదల ఉందనుకోవాలి.

పాత రోటాక్స్ రెండు స్ట్రోకుల ఇంజిన్లలో 150 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దగ్గర వస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. 120 కిందికి దిగితే పిస్టన్, రింగుల పని దగ్గరపడింది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో అంకె తక్కువొస్తే లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. గాలి లోపలికి పంపి చెవి పెడితే జాడ తెలుస్తుంది. ఎగ్జాస్ట్‌లో బుసబుసలాడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఇంటేక్‌లో వినిపిస్తే ఇంటేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు. కూలెంట్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్.

తీసిన ప్లగ్గుల్ని వరుస తప్పకుండా ఒక గుడ్డ మీద పేర్చండి. ఎడమవి పైన, కుడివి కింద. బిస్కెట్ రంగులో ఉన్నవి బాగున్నట్టు. నల్లటి మసి పట్టినవాటికి పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా నిప్పు సరిగా పడటం లేదు. తెల్లగా మాడినవాటికి పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. తుప్పు చుక్కలు కనిపిస్తే నీళ్ళు లోపలికి వచ్చాయి. అన్ని ప్లగ్గుల్లో ఒక్కటే రంగు మారి కనిపిస్తే ఆ సిలిండర్ కాయిల్‌ని పక్క ఇంజిన్ కాయిల్‌తో మార్చండి. జబ్బు వెంట వెళ్ళిందా?

పెట్రోలు దారి: ఎక్కువ జబ్బులు పుట్టే చోటు

ముందు ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి పెట్రోలు పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్ళు చేరినట్టు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. హద్దు దాటాక ఇథనాలూ నీళ్ళూ కలిసి అడుగుకు దిగిపోతాయి. పంపు మొదట పీల్చేది ఆ అడుగు పొరనే. అలాంటి పెట్రోలుకి ఏ మందు కలిపినా బాగుపడదు, ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. వాటర్ సెపరేటర్ ఫిల్టరు ఉంటే అదీ మార్చండి.

ఇంజెక్షన్ ఇంజిన్‌లో తాళం ఆన్ చేయగానే పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్యిమనాలి. ఎడమదీ కుడిదీ ఒకదాని తర్వాత ఒకటి వినండి. శబ్దంలో తేడా చెవికే తెలుస్తుంది. తర్వాత గేజు పెట్టండి. రోటాక్స్ 4-టెక్‌లో ప్రెషర్ 56 నుంచి 60 పీఎస్‌ఐ ఉండాలి. తక్కువొస్తే ఫిల్టరు, పంపు, రెగ్యులేటర్ వరుసగా చూడండి.

కార్బురేటర్ల బోటయితే ఇక్కడ నిదానించాలి. 1990ల సీడూల్లో వేసిన బూడిదరంగు పెట్రోలు గొట్టాలు లోపల కరిగి, ఆకుపచ్చ జిగురుగా మారతాయి. ఆ జిగురు కార్బురేటర్ లోపలి చిన్న జాలీలో పేరుకుంటుంది. నెమ్మదిగా నడిపితే ఇంజిన్ బాగుంటుంది, పూర్తి థ్రాటిల్‌లో పెట్రోలు చాలక పిస్టన్ వేడెక్కి కరుచుకుంటుంది. కొత్త ఇంజిన్ దింపి పాత గొట్టాలు అలాగే ఉంచినవాళ్ళకి అదే జబ్బు మళ్ళీ వస్తుంది. అంతేకాదు, ఒక ఇంజిన్‌ని చంపిన కారణం ఉమ్మడి దారిలో ఉంటే రెండోదాని వంతు కోసం కాచుకుని ఉంటుంది. చచ్చిన ఇంజిన్ పక్కన బతికున్న ఇంజిన్‌ని కూడా అప్పుడే విప్పి శుభ్రం చేయండి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. పాత రెండు స్ట్రోకుల బోటు. ఎడమది 6,800 తిరుగుతోంది, కుడిది 5,000 దాటడం లేదు. ప్లగ్గులు మార్చాను, కాయిళ్ళు అటూ ఇటూ మార్చాను, కార్బురేటర్లు విప్పి కడిగాను. కంప్రెషన్ రెండు పక్కలా దాదాపు సమానం. జబ్బు మాత్రం కుడివైపు నుంచి కదల్లేదు. చివరికి కార్బురేటర్‌కి ముందు గొట్టంలో జానెడు పారదర్శక గొట్టం అతికించి నడిపాను. ఎడమవైపు పెట్రోలు నిండుగా, కదలిక కూడా తెలియనంత స్వచ్ఛంగా ఉంది. కుడివైపు ఆవగింజలంత బుడగలు వరుసగా పరుగెడుతున్నాయి. పెట్రోలు ట్యాపులోని రబ్బరు రింగు గట్టిపడి చదునైపోయింది. అక్కడ ఒక్క చుక్క బయటికి కారలేదు. పంపు పీల్చే దారిలో లీకు ఉంటే పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. అందుకే తడి కోసం వెతికితే అది దొరకదు. ఒక చిన్న డబ్బాలో మంచి పెట్రోలు పోసి, ట్యాపుని దాటించి నేరుగా కార్బురేటర్‌కి ఇచ్చి చూస్తే అరగంటలో తేలిపోయేది. ఇప్పుడు ఆ పరీక్ష ముందే చేస్తాను. మంట, నిప్పురవ్వ దగ్గర లేనిచోట, డబ్బా పడిపోకుండా కట్టి చేయండి.

రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో ఆయిల్ పంపు కేబుల్ గుర్తు సరిగ్గా కలిసిందో, ఆయిల్ గొట్టాల్లో బుడగలు లేవో కూడా చూడండి. పెట్రోలు తక్కువైతే ఇంజిన్ ముందుగా కొంత సణుగుతుంది. ఆయిల్ ఆగిపోతే ఏ హెచ్చరికా ఇవ్వదు.

వేడెక్కుతుంటే

చాలా జెట్ బోట్లలో కూలింగ్ నీళ్ళు జెట్ పంపు ఒత్తిడితోనే వస్తాయి. ఒక పక్కే వేడెక్కితే ఆ పక్క పంపు నుంచి ఇంజిన్ దాకా ఉన్న గొట్టంలో ఇసుకో, గడ్డో, ఉప్పు పొరో అడ్డుపడి ఉంటుంది. నీళ్ళు చిమ్మే సూచిక రంధ్రాలు ఉంటే రెండు ధారలనూ పక్కపక్కన చూడండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండు ఇంజిన్లలో ఒకే చోట, హెడ్ మీద, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద కొలవండి. తేడా ఎక్కడ మొదలైందో అక్కడే అడ్డు. గొట్టం విప్పి వెనకనుంచి నీళ్ళు కొడితే చాలాసార్లు వదిలిపోతుంది.

ఆయిల్ చూడటం

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఆయిల్ పాలకలిసిన టీలా ఉంటే నీళ్ళు చేరాయి. ఒకసారి మార్చి వదిలేస్తే సరిపోదు. రంగు మారేదాకా రెండు మూడుసార్లు మార్చాలి, నీళ్ళు వచ్చిన దారీ మూయాలి. సూపర్‌ఛార్జర్ ఉన్న తొలితరం 4-టెక్ అయితే మరో మాట. వాటి సూపర్‌ఛార్జర్‌లో సిరామిక్ వాషర్లు ఉండేవి. అవి పగిలితే ముక్కలు ఆయిల్‌లో కలిసి ఇంజిన్ అంతా తిరుగుతాయి. లోహపు వాషర్లు వేసినట్టు రశీదు చూపించకపోతే వేయలేదనే అనుకుని విప్పించండి.

జెట్ పంపు పట్టు తప్పితే

ముందు తాడు, గడ్డి, ప్లాస్టిక్ సంచి షాఫ్టుకి చుట్టుకున్నాయేమో చూడండి. తర్వాత టార్చి వేసి ఇంపెల్లర్ అంచులు. గులకరాళ్ళు తగిలి అంచు మడతపడితే నీళ్ళని కోయలేక నురగ చేస్తుంది. ఫీలర్ గేజుతో ఇంపెల్లర్ అంచుకీ, దాని చుట్టూ ఉండే వేర్ రింగుకీ మధ్య ఖాళీ నాలుగైదు చోట్ల కొలవండి. కచ్చితమైన హద్దు మోడల్‌ని బట్టి మారుతుంది కానీ 1 మిల్లీమీటరు దగ్గరికి వస్తే ఏ బోటులోనైనా తోపు పోయినట్టే. షాఫ్టుని చేత్తో తిప్పి రెండు పంపులనూ పోల్చండి. గరగరలాడేదాని బేరింగు పోయింది. పంపులో ఇరుక్కున్న చెత్త తీయడానికి క్లీనవుట్ మూతలున్న బోటులో అవి సరిగ్గా కూర్చోకపోయినా పంపు గాలి పీల్చి ఇవే లక్షణాలు చూపిస్తుంది.

ఇంజిన్ గదిలో నీళ్ళు చేరుతుంటే షాఫ్టు సీలు, దాని రబ్బరు బెల్లో చూడండి. తిరిగే షాఫ్టు అడుగు నీళ్ళని ఇంజిన్ మీదికి చిమ్ముతుంది. చాలా కరెంటు జబ్బులకు మూలం అక్కడే.

రెండూ బాగున్నా ఆర్‌పీఎం కలవకపోతే

ఇంజిన్లు ఆపి, ఒకరు లివర్లు పూర్తిగా ముందుకి తోస్తే ఇంకొకరు రెండు థ్రాటిల్ ప్లేట్లూ పూర్తిగా తెరుచుకున్నాయో చూడాలి. ఒకటి సగంలో ఆగితే కేబుల్ సాగింది. సర్దుబాటు నట్టు రెండు తిప్పులతో పోయే జబ్బుకి ఇంజిన్ విప్పినవాళ్ళున్నారు.

నీళ్ళలో పరీక్ష, ఒక ఇంజిన్‌తో తిరిగి రావడం

మరమ్మతు అయ్యాక మొదటిసారి ఒడ్డుకి దగ్గరలోనే తిరగండి, తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి. వాళ్ళు అంకెలు రాస్తారు, మీరు దారి చూస్తారు. 3,000 దగ్గర అయిదు నిమిషాలు, ఆపి మూత ఎత్తి చూడటం, 5,000 దగ్గర అయిదు నిమిషాలు, మళ్ళీ చూడటం. పూర్తి థ్రాటిల్ చివర్లోనే.

మధ్యలో ఒక ఇంజిన్ ఆగిపోతే దాన్ని పదే పదే స్టార్ట్ చేయకండి. అంటుకోని ఇంజిన్‌లో స్టార్టర్ తిరిగిన ప్రతిసారీ పంపు కొంత నీటిని ఎగ్జాస్ట్‌లోకి తోస్తుంది. బయటికి నెట్టే పొగ ఉండదు కాబట్టి అది సిలిండర్ వైపు వెనక్కి వస్తుంది. వేగంగా వెళ్ళినా ఇదే ప్రమాదం, ముందుకి పోయే బోటు ఆగిన పంపులోకి నీటిని నెడుతుంది. బాగున్న ఇంజిన్‌తో గంటకు 8 కిలోమీటర్లు దాటకుండా రండి. ఇంకో బోటు లాక్కొచ్చినా వేగం అంతే ఉండాలి. మీ మాన్యువల్ చెప్పిన చోట ఆగిన ఇంజిన్ కూలింగ్ గొట్టానికి బిగింపు క్లిప్పు పెట్టగలిగితే ఇంకా మంచిది. ఒడ్డు చేరాక ఆ క్లిప్పు తీసేదాకా ఆ ఇంజిన్ తాళం చెవి జేబులోనే ఉంచుకోండి.